డ్రగ్స్ డబ్బు వద్దు సరే, మరి ఏ డబ్బు?

ముఖ్యమంత్రి చనిపోయాడు. శవం ఇంకా ఇంట్లోనే ఉంది, కుర్చీ లెక్కలు మాత్రం మొదలైపోయాయి. మలయాళ సినిమా 'లూసిఫర్' ఇలా మొదలవుతుంది. తెలుగువాళ్లకు ఇది మరీ కొత్త కాదు. 2009 సెప్టెంబర్‌లో వైఎస్ రాజశేఖరరెడ్డి పోయినప్పుడు ఆయన కొడుకునే ముఖ్యమంత్రిని చేయాలని ఎమ్మెల్యేలు సంతకాలు పెట్టడం, అధిష్ఠానం మాత్రం రోశయ్యను కూర్చోబెట్టడం మనం చూసిందే.

మురళీ గోపి రాసి, పృథ్వీరాజ్ సుకుమారన్ తీసిన ఈ సినిమా 2019 మార్చి 28న, సరిగ్గా లోక్‌సభ ఎన్నికల ముందు వచ్చింది. అందరూ మోహన్‌లాల్ ఎంట్రీ గురించి మాట్లాడారు. నాకు గుర్తుండిపోయింది మాత్రం పార్టీ ఫండ్ గొడవ. చనిపోయిన నాయకుడి అల్లుడు బాబీ పార్టీని డ్రగ్స్ డబ్బుతో నడుపుతానంటాడు. అప్పుల్లో మునిగిన ఒక టీవీ ఛానల్‌ను అదే డబ్బుతో ఆదుకుంటాడు, ప్రతిఫలంగా అది మోహన్‌లాల్ పాత్ర స్టీఫెన్ మీద బురద చల్లాలి. పార్టీ, ఛానల్, డబ్బు మూడూ ఎలా ముడిపడతాయో ఇంత సూటిగా చూపించిన కమర్షియల్ సినిమాలు తక్కువ.

ఈ గొడవ కల్పన కాదు. మన చట్టంలో అభ్యర్థి ఖర్చుకు పరిమితి ఉంది, పార్టీ ఖర్చుకు లేదు. పేరు బయటపడకుండా పార్టీలకు విరాళం ఇచ్చే పద్ధతిగా 2018లో మొదలైన ఎన్నికల బాండ్లను సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న కొట్టేసే నాటికి 16 వేల కోట్ల రూపాయలకు పైగా చేతులు మారాయి. ఎవరు ఎవరికి ఇచ్చారో అన్నేళ్లూ ఓటరుకు తెలియదు. సినిమాలో ఈ లెక్కలు బయటపెట్టాలని చూసేది ఇంద్రజిత్ చేసిన గోవర్ధన్. ఫోన్ పట్టుకుని లైవ్‌లో మాట్లాడే మనిషి. వెనుక ముఠా లేదు, డబ్బు లేదు. కథలో అసలు ఆదర్శవాది అతనే, కానీ సినిమా అతని దగ్గర ఎక్కువసేపు ఆగదు. హీరో వచ్చాక అతనితో పనేముంది?

అసలు చిక్కు ఇక్కడే. డ్రగ్స్ డబ్బు వద్దని అడ్డం పడ్డ స్టీఫెన్ కూడా చీకటి సామ్రాజ్యానికి అధిపతేనని చివర్లో తేలుతుంది. ప్రశ్న డబ్బు గురించి వేసి, జవాబుగా ఒక మనిషిని చూపించారు. థియేటర్లో విజిల్స్ పడ్డాయి, నేనూ ఎంజాయ్ చేశాను, అబద్ధం ఎందుకు. ఇంటికొచ్చాక మాత్రం మోసపోయినట్టు అనిపించింది.

2022లో ఇదే సినిమాను చిరంజీవితో మోహన్ రాజా తెలుగులో 'గాడ్ ఫాదర్'గా తీసినప్పుడు ఇంకో మార్పు జరిగింది. మలయాళంలో టోవినో థామస్ చేసిన జతిన్ పాత్ర, అంటే విదేశం నుంచి వచ్చిన ఆ ముఖ్యమంత్రి కొడుకు, వారసుడు, తెలుగులో లేనే లేడు. మాస్ సినిమాకు అడ్డం అనుకుని ఉంటారు. కానీ వారసత్వ రాజకీయం గురించి మనకంటే ఎక్కువ మాట్లాడుకోవాల్సిన వాళ్లెవరు? జనం ముందు తడబడి, ఆపైన పంచె ఎగ్గట్టి మలయాళంలో దంచికొట్టే జతిన్‌ను చూసి సభ ఊగిపోతుంది. అతనేం చేస్తాడో ఎవరూ అడగరు. ఫలానా వారి అబ్బాయి, మన భాషలో మాట్లాడాడు, అంతే చాలు. ఆ ఒక్క సీన్ కోసమైనా ఆ పాత్రను ఉంచాల్సింది.

2025 మార్చిలో వచ్చిన రెండో భాగం 'ఎంపురాన్' చుట్టూ నడిచిన గొడవంతా 2002 గుజరాత్ అల్లర్ల సన్నివేశాల గురించే. వాటిని నిర్మాతలే కత్తిరించుకున్నారు. ఆ హడావిడిలో కథ సంగతి ఎవరికీ పట్టలేదు. స్టీఫెన్ అండతో ముఖ్యమంత్రి అయిన జతిన్ అవినీతిలో కూరుకుపోయి, తండ్రి పార్టీని చీల్చి, కొత్త పొత్తు వెతుక్కుంటాడు. అతన్ని దారిలో పెట్టడానికి మళ్లీ స్టీఫెనే రావాలి. ఓటర్లు రెండు భాగాల్లోనూ సభల్లో జెండాలు పట్టుకుని నిలబడే ఉంటారు.