సింగరేణి ‘మూడు లక్షల బోనస్’: ఆ మెసేజ్‌లో ఉన్న తప్పులు

దసరా దగ్గర పడగానే ఒక మెసేజ్ ఫోన్లలో తిరుగుతుంది: “సింగరేణి కార్మికుడికి మూడు లక్షల బోనస్. ఆ డబ్బు మన పన్నులదే. యూనియన్లు బెదిరించి జీతాలు పెంచుకున్నాయి. దిగిపోయాక సర్కారు ఉద్యోగిలా సగం జీతం పింఛను.”

మూడు లక్షల లెక్క ఎలా పుట్టిందో ముందు చూడాలి. 2024-25 లాభాల వాటా సగటున రూ.1,95,610. దీపావళికి ఇచ్చిన పీఎల్‌ఆర్ (పనితీరును బట్టి ఇచ్చే ప్రోత్సాహకం) రూ.1,03,000. ఈ రెండూ కలిపేశారు. పీఎల్‌ఆర్ సింగరేణి ఒక్కదానిదే కాదు, కేంద్ర ప్రభుత్వ బొగ్గు సంస్థ కోలిండియా కార్మికులకూ అంతే వచ్చింది. పైగా రెండూ మస్టర్లను (హాజరును) బట్టే చేతికొస్తాయి. నాగాలు ఎక్కువైతే సగటు దాకా కూడా రాదు.

లాభంలో 34 శాతం పంచేశారన్న మాట ఇంకా తప్పుదారి పట్టిస్తుంది. ఆ ఏడాది మొత్తం లాభం రూ.6,394 కోట్లు. అందులో రూ.4,034 కోట్లు విస్తరణకు పక్కన పెట్టి, మిగిలిన రూ.2,360 కోట్ల మీదే 34 శాతం కట్టారు. కాంట్రాక్టు కార్మికులకు ఇచ్చిందీ కలిపి పంచింది రూ.819 కోట్లు, అంటే అసలు లాభంలో దాదాపు 13 శాతం. మొత్తం లాభం మీద లెక్క కట్టాలని కార్మికులు అడగడం అత్యాశ కాదు.

పన్నుల సొమ్మా? కంపెనీలో రాష్ట్రానికి 51, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది, నిజమే. జీతాలు మాత్రం బొగ్గు అమ్మకం నుంచి, మంచిర్యాల జిల్లా జైపూర్‌లో ఉన్న కంపెనీ విద్యుత్ ప్లాంటు కరెంటు నుంచి వస్తాయి. తవ్విన బొగ్గు మీద 14 శాతం రాయల్టీ ఖజానాకే పోతుంది.

ఇక బెదిరింపు సంగతి. సింగరేణి సంఘాలు జీతం స్కేళ్లను ఇక్కడ కూర్చుని రాసుకోవు. కోలిండియాతో కలిపి జేబీసీసీఐలో (బొగ్గు యాజమాన్యాలు, సంఘాలు కలిసి కూర్చునే కమిటీ) జాతీయ ఒప్పందం జరుగుతుంది. 11వ ఒప్పందం 2021 జులై 1 నుంచి అమలు కావాలి. 19 శాతం పెంపుతో సంతకాలయింది 2023 మే నెలలో. బెదిరిస్తే పనులయ్యేవైతే దాదాపు రెండేళ్లు ఎదురుచూడాల్సిన అవసరమేముంది?

పింఛను విషయంలో అంకే తప్పు. 1998 బొగ్గుగనుల పింఛను పథకంలో వచ్చేది చివరి నెలల సగటు జీతంలో 25 శాతం దాకానే, సగం కాదు. దానికి డీఏ లేదు. ధరలెంత పెరిగినా అదే మొత్తం. పాతికేళ్ల కిందట దిగిపోయినవాళ్లకు ఆ సొమ్ము మందులకు కూడా చాలడం లేదు.

“190 రోజులు పనిచేస్తే చాలు” అనేది కూడా కొందరు జోడిస్తున్నారు. అండర్‌గ్రౌండ్ కార్మికుడికి పాత గనుల చట్టం (1952) ప్రకారం వార్షిక సెలవు రావాలంటే ఉండాల్సి వచ్చిన హాజరు అది. మిగతా రోజులకు ఊరికే జీతమిస్తారని దాని అర్థం కాదు.

అన్యాయం ఒకచోట ఉంది, దాన్ని మాత్రం ఆ మెసేజ్ పట్టించుకోదు. అవే గనుల్లో పనిచేసే దాదాపు 30 వేల మంది కాంట్రాక్టు కార్మికులకు అదే ఏడాది ఇచ్చింది తలా రూ.5,500. కోలిండియాలో కాంట్రాక్టు కార్మికులకు 2013 నుంచి ఉన్న హైపవర్ కమిటీ వేతనాలు వీళ్లకూ ఇవ్వాలన్నది సంఘాల పాత డిమాండ్.