రెండంగుళాల చెక్క

కళ వేరు, చేతిపని వేరు. ఈ సంగతి చదువుకున్నవాళ్లందరికీ తెలుసు. ఎక్కడ వేరో మాత్రం ఎవరూ చెప్పరు. ఆ లోటు తీర్చడానికి నేను నడుం కట్టాను. నాకు బొమ్మ వేయడం రాదు, కొయ్య చెక్కడం రాదు, ఊడిన గుండీ కుట్టుకోవడం కూడా రాదు. ఏ పక్షానికీ మొగ్గే ప్రమాదం లేదు. తీర్పరికి ఇంతకంటే ఏం అర్హత కావాలి?

ముందు పెద్దలేమన్నారో చూశాను. అక్కడే మొదటి దెబ్బ తగిలింది. వాత్స్యాయనుడి అరవై నాలుగు కళల పట్టికలో సంగీతం, నాట్యంతో పాటు వడ్రంగం, కుట్టుపని, పూలమాలలు కట్టడం కూడా ఉన్నాయి. పాపం, ఆయన కాలంలో ఆర్ట్ గ్యాలరీలు లేవు. తెలుగు ఇంకా ఘోరం. క్రాఫ్ట్ అనే మాటకు ‘హస్తకళ’ అని పేరు పెట్టి, బయటికి తోసేయాల్సినదాన్ని లోపలే కూర్చోబెట్టింది.

పడమటి పండితులే నయం. ఏం తయారవుతుందో చేతిపనివాడికి ముందే తెలుసు, కళాకారుడికి చేశాకే తెలుస్తుంది అన్నారు వాళ్లలో కొందరు. ఈ లెక్కన నేను చేసే ఉప్మా కళే. మా వీధిలో మురికికాలువ తవ్వించిన కాంట్రాక్టరైతే మహా కళాకారుడు. నీళ్లు ఎటు పోతాయో వాన పడేదాకా ఆయనకే తెలియలేదు.

తిరుపతిలోనే దేవస్థానం వారి శిల్ప కళాశాల ఉంది కదా, అక్కడైనా తేలుతుందనుకున్నాను. రాతి శిల్పం, కొయ్య చెక్కడం, లోహ విగ్రహాలు, కలంకారీ, అన్నీ ఒకే చోట నేర్పుతారు. ఆలయ నిర్మాణం కూడా. ఇన్ని గోడలు కట్టడం నేర్పేవాళ్లు ఈ రెంటి మధ్య ఒక్క గోడ కట్టలేకపోయారు.

చివరికి కలంకారీకి పేరుపడ్డ శ్రీకాళహస్తి బస్సెక్కాను.

అక్కడ ఒకాయన కింద కూర్చుని గుడ్డ మీద గీస్తున్నాడు. ఆ గుడ్డను అప్పటికే కరక్కాయ కలిపిన పాలలో నానబెట్టి ఆరేశారు. పాలు పట్టకపోతే రంగు పాకిపోతుందట. కలం అంటే వెదురుపుల్ల. దానికి ఉన్ని చుట్టి దారంతో బిగిస్తారు. ఇనుప ముక్కలూ బెల్లమూ నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెడితే వచ్చే కషాయమే నల్లరంగు. పుల్లతో గీసినప్పుడు పలచగా ఉంటుంది, గుడ్డలోని కరక్కాయ తగిలాక నల్లబడుతుంది. ఎరుపు కావాలన్నచోట పటిక నీళ్లు పూసి, తర్వాత గుడ్డంతా ఎర్రరంగులో ఉడకబెడతారు. పటిక తగిలినచోటే ఎరుపు నిలుస్తుంది. మధ్య మధ్య పారే నీళ్లలో ఉతకాలి. స్వర్ణముఖిలో నీళ్లుంటే స్వర్ణముఖి, లేకుంటే వాళ్ల అవస్థ వాళ్లది.

ఇదంతా శ్రద్ధగా విని అసలు ప్రశ్న వేశాను. “అయ్యా, మీరు కళాకారులా, చేతిపనివారా?”

ఆయన తలెత్తి చూశాడు. “సార్, మీరు గుడ్డ తొక్కుతుండారు.”

ప్రభుత్వాన్నైనా అడుగుదామంటే అదీ తేల్చలేదు. శ్రీకాళహస్తి కలంకారీకి జీఐ గుర్తింపు (ఈ సరుకు ఈ ఊరిదేనన్న ముద్ర) ఇచ్చినప్పుడు హస్తకళ అని రాసుకుంది. ఇదే కలంకారీ వేసే జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ ఇచ్చినప్పుడు కళల విభాగంలో ఇచ్చింది. అంటే గుడ్డ చేతిపని, వేసినాయన కళాకారుడు. మధ్యలో వెదురుపుల్ల ఏ శాఖ కిందికి వస్తుందో!

వట్టి చేతులతో రావడం బాగుండదని ఆయన దగ్గరే రెండు గుడ్డలు కొన్నాను. ఒక్కోటి పదిహేను వందలన్నాడు. పన్నెండు వందలకు దించాను. బేరమాడకపోతే మోసపోయినట్టే కదా.

ఒకదాన్ని ఇంట్లో దివాన్ మీద పరిచాం. రెండోదాన్ని తిరుపతిలో దేవుడి పటాలు కట్టే షాపుకు తీసుకుపోయాను. షాపతను గుడ్డను అటూ ఇటూ తిప్పి, “దేవుడి పటాలకేసే బంగారు ఫ్రేమా సార్, ఆర్టుకేసే నల్లదా?” అన్నాడు.

నా చెవులను నేనే నమ్మలేదు. వాత్స్యాయనుడు, పడమటి పండితులు, కేంద్ర ప్రభుత్వం తేల్చలేనిది ఈయన దగ్గర గోడకు వేలాడుతోంది, అడుగు ఇంతని రేటు కట్టి. “నల్లదే” అన్నాను, గొంతు కాస్త వణికింది. రెండంగుళాల చెక్క, మెరవని అద్దం, మొత్తం రెండు వేల రెండు వందలు. బేరమాడలేదు. కళ దగ్గర బేరమేమిటి, సంస్కారం ఉండొద్దూ!

మొన్న మా తోడల్లుడు వచ్చాడు. దివాన్ మీద కాళ్లు మడుచుకుని కూర్చుని, కాఫీ గ్లాసు కూడా అక్కడే పెట్టి, గోడ మీద పటాన్ని చాలాసేపు చూశాడు. “అద్భుతం అన్నా. ఎవరు వేశారు?”

“శ్రీకాళహస్తి కలంకారీ.”

“అది సరే, వేసిందెవరు?”

ఆ రోజు నేను అన్నీ అడిగాను, పేరు తప్ప. గుడ్డ మీద సంతకం లేదు. పటం దించి వెనక్కి తిప్పాం. షాపు పేరు, ఫోన్ నంబరుతో ఒక స్టిక్కరు ఉంది.