అడిగే మనమెందుకు తలదించుకోవాలి?

అద్దెకు దిగినవాళ్లు మన వస్తువులు చెప్పకుండా వాడేసుకుంటారు. తీరా అడగవలసి వచ్చేసరికి నీళ్లు నమిలేది మనం. ఇదెక్కడి న్యాయం?

నెల్లూరులో మా ఇంటి పై అంతస్తును రోజువారీ అద్దెకు ఇస్తున్నాను. రంగనాయకుల గుడికి, పెంచలకోనకు, మైపాడు బీచికి వచ్చే కుటుంబాలు దిగుతుంటాయి. చాలామంది గిన్నెలు కడిగి బోర్లించి మరీ వెళ్తారు. నా కోపం వాళ్ల మీద కాదు. తాళం చెవి చేతిలో పడగానే ఇల్లంతా రాసిచ్చేసినట్టు ప్రవర్తించేవాళ్ల మీద.

ఉప్పు, పంచదార, టీపొడి, నూనె వాడుకోమనే పెడతాను. పై అరలో మూత బిగించి ఉన్న నెయ్యి డబ్బా వాళ్ల కోసం కాదని వేరే చెప్పాలా? ఒక కుటుంబం ఆవకాయ జాడీకి కట్టిన వాసెన గుడ్డ విప్పి తడి గరిటె ముంచింది. తిన్నది నాలుగు ముద్దలకు సరిపడా ఉంటుందేమో. కొన్నాళ్లకే పైన తెల్లగా బూజు కట్టి జాడీ మొత్తం పారబోయవలసి వచ్చింది. కాయలు తుడిచి, తడి లేకుండా ఆరబెట్టి, ఆవపిండి కొట్టించి పెట్టుకున్న ఏడాది పచ్చడి అది. కాస్త ఊరగాయకే ఇంత రాద్ధాంతమా అని మా బంధువులే అన్నారు. పెట్టినవాళ్లకు తెలుస్తుంది ఆ కష్టం.

ఇంకొకావిడ బీరువా తెరిచి నా వెంకటగిరి చీర కట్టుకుని గుడికి వెళ్లి వచ్చింది. లేత గంధం రంగు చీర, జరీ అంచు పొడవునా పసుపు మరక. అడిగితే, "రెండు గంటలే కదండీ కట్టుకుంది, అరిగిపోయిందా?" అని ఎదురు ప్రశ్న! పక్కనే ఉన్న భర్త నేల చూపులు చూశాడే తప్ప ఒక్క మాట అనలేదు. డ్రైవాష్ ఖర్చు అడిగి తీసుకున్నాను. ఆ డబ్బు పుచ్చుకుంటుంటే నేనేదో తప్పు చేసినట్టు చూశారు. అన్నిటికంటే మండింది ఆ చూపుకే.

మొహర్రం రోజుల్లో మా ఊళ్లోని బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టెల పండుగ జరుగుతుంది. ఒకరి చేతి నుంచి కోరికతో రొట్టె అందుకుంటారు. కోరిక తీరితే మరుసటి ఏడు వచ్చి, రొట్టె తెచ్చి మరొకరికి ఇస్తారు. అంతటి నియమం పాటించే పండుగకు వచ్చి, దిగిన ఇంట్లో దువ్వెన, దుప్పటి, ఉదయగిరి చెక్క గరిటె సంచిలో వేసుకుని పోవడానికి చేతులెలా వస్తాయి?

చిన్న వస్తువైతే దొంగతనం కాదనుకోకండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న నేరాల చట్టం భారతీయ న్యాయ సంహితలో, దొంగతనం గురించి చెప్పే 303వ సెక్షన్‌లో ఐదు వేల రూపాయల లోపు సొత్తు మాట కూడా ఉంది. తొలిసారి దోషిగా తేలినవారు ఆ సొత్తునో దాని విలువనో తిరిగి ఇచ్చేస్తే సమాజ సేవ శిక్షగా పడుతుంది. గరిటె కోసం నేను పోలీసు స్టేషన్ మెట్లెక్కను. కానీ తిరిగి ఇవ్వమని అడగడం అమర్యాద కాదని చెప్పడానికి ఈ ఒక్క సెక్షన్ చాలు.

అన్నిటికీ తాళాలు వేసేయమని సలహా ఇస్తారు. ఒకరు చేసిన పనికి పదిమంది మంచివాళ్లను అనుమానించడం నాకు నచ్చదు. సొంత బట్టలు, విలువైనవి ఒక బీరువాలో పెట్టి తాళం వేస్తే చాలు. హాల్లో కెమెరా పెట్టమనేవాళ్లూ ఉన్నారు. ఇలా ఇళ్లు అద్దెకు కుదిర్చే ఎయిర్‌బీఎన్‌బీ యాప్ 2024 ఏప్రిల్ 30 నుంచి ఇంటి లోపలి కెమెరాలను నిషేధించింది, మంచి పని చేసింది. పిల్లాపాపలతో పడుకునే చోట కెమెరా ఏమిటి?

నేను చేసేది చెబుతాను. వాళ్లు దిగే ముందు ప్రతి అర తలుపు తెరిచి ఫోన్‌లో ఫోటో తీస్తాను. ఏవి వాడుకోవచ్చో కాగితం మీద రాసి వంటగది గోడకు అంటిస్తాను. వెళ్లే రోజు వాళ్ల ఎదుటే ఇల్లు చూసుకుంటాను. ఏదైనా తగ్గితే అక్కడే, పిల్లలు వినకుండా పెద్దవాళ్లను పక్కకు పిలిచి, వస్తువు పేరు, ధర చెప్పి అడుగుతాను. గొంతు పెంచను, తగ్గించను. ఎయిర్‌బీఎన్‌బీ ద్వారా వచ్చినవాళ్లయితే, వెళ్లిన 14 రోజుల లోపే నష్టపరిహారం కోరాలి, సమీక్ష కూడా ఆ లోపే రాయాలి. మొహమాటపడి "చాలా మంచి కుటుంబం" అని రాసేయకండి. ఏం తీశారో, అడిగితే ఏమన్నారో ఉన్నదున్నట్టు రాయండి. రేపు వాళ్లకు తాళం చెవి ఇవ్వబోయే మరో ఇంటివారు చదివేది ఆ మాటలే.