మాల లేని దీక్షకు తోడెవరు?

కార్తీకం వచ్చిందంటే మన కాలేజీ హాస్టళ్లలో ఒక వింత కనిపిస్తుంది. మొన్నటి శనివారం దాకా అందరినీ మందు సిట్టింగ్‌కు పోగుచేసిన కుర్రాడు ఉన్నట్టుండి అయ్యప్ప మాలతో, నల్లబట్టల్లో, చెప్పుల్లేని కాళ్లతో, నుదుట విభూతితో క్లాసుకు వస్తాడు. ఆ రోజు నుంచి అతని పేరే మారిపోతుంది. తోటివాళ్లే కాదు, పాఠం చెప్పే మాస్టారు కూడా ‘స్వామి’ అంటారు. అతని ముందు గ్లాసు పెట్టే ధైర్యం ఎవరికీ ఉండదు. నలభై ఒక్క రోజులు అతను మందు ముట్టడు.

అదే కుర్రాడు మాల లేకుండా, మామూలు చొక్కా ప్యాంటుతో వచ్చి ‘నేను మానేశాను’ అంటే ఏమవుతుంది? గదిలో ఉన్న వాళ్లంతా నవ్వుతారు. ఎన్నాళ్లుంటాడో అని పందెం కాస్తారు. మూడో రోజుకి ఎవడో ఒకడు బలవంతంగా నోటి దగ్గర పెట్టి చూస్తాడు, సరదాకే.

యువకులను మందుకు దూరంగా ఉంచడం మన సమాజానికి చేతకాదంటే నేను ఒప్పుకోను. ఏటా చేసి చూపిస్తున్నాం. కాకపోతే దేవుడి పేరు మీద, గడువు పెట్టి చేస్తున్నాం.

భక్తులు నొచ్చుకోరంటే, ఆ మాల చేసే పనిని కాసేపు భక్తి పక్కన పెట్టి చూద్దాం. తెల్లవారక ముందే చన్నీళ్ల స్నానం, అంటే రాత్రి రెండింటి దాకా మేలుకునే వీలు లేదు. సాయంత్రం భజన, పడిపూజ, అంటే మందు గుర్తుకొచ్చే ఏడు నుంచి పది గంటల మధ్య మనిషి ఖాళీగా ఉండడు. ఎవరో ఒకరి ఇంట భిక్ష ఉంటుంది కనుక ఆకలితో తిరగడు. పద్దెనిమిదిసార్లు కొండెక్కి వచ్చిన గురుస్వామి ఒకరు, మొదటిసారి వేసుకున్న కన్నెస్వామిని కనిపెట్టుకుని ఉంటారు. అన్నిటికీ మించి, ఎందుకు తాగడం లేదో ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. బట్టల రంగే చెబుతుంది.

అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, ఏక్రన్ ఊళ్లో 1935లో ఒక షేర్ల వ్యాపారీ ఒక సర్జనూ కలిసి మొదలుపెట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్‌లో ఉన్నదీ దాదాపు ఇదే అమరిక. మానేసి కొన్నేళ్లయిన మనిషి కొత్తగా వచ్చినవాడికి తోడుంటాడు. రుసుము లేదు, కులం మతం అడగరు, మానాలన్న కోరిక ఉంటే చాలు. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట – ఈ నాలుగింటిలో ఏది ముదిరినా చెయ్యి సీసా వైపు పోతుందని అక్కడ కొత్తవారికి చెబుతారు. మన గురుస్వాములు ఈ మాట ఏనాడూ విని ఉండరు. అయినా నాలుగింటికీ మందు వేసే పెట్టారు. (మందు అన్న మాటకు మన భాషలో రెండర్థాలుండటం ఎంత చిత్రం!)

చిక్కు నలభై రెండో రోజున వస్తుంది. మాల తీసిన వెంటనే పేరు పోతుంది, బట్టలు పోతాయి, భజన పోతుంది, సాయంత్రం మళ్లీ ఖాళీ అవుతుంది. రోజులు లెక్కపెట్టుకుంటూ సీసా సిద్ధం చేసుకునే వాళ్లను చాలామందిమి చూశాం. ఇన్నాళ్ల విరామం తర్వాత శరీరం పాత మోతాదును తట్టుకోలేదన్న సంగతి వారికి ఎవరూ చెప్పరు. ‘నలభై రోజులు ఉండగలిగాను, కాబట్టి నాకు వ్యసనం లేదు’ అనే ధీమా దీనికి తోడవుతుంది. ఇంకో వైపు, రోజూ ఎక్కువగా తాగే స్థితికి వచ్చినవాడు మాల వేసుకున్న రోజునే ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, మతిభ్రమ దాకా పోవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. అతను గుడికి వెళ్లే ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఇక మన క్యాలెండర్ చూడండి. దసరా అంటే ముక్క, చుక్క. 2025లో దసరా, గాంధీ జయంతి అక్టోబర్ 2నే కలిసి వచ్చాయి. దుకాణాలు మూసి ఉంటాయని తెలిసి జనం ముందురోజులే బారులు తీరారు. బాపూజీకి నివాళి అలా అడ్వాన్సుగా అందింది. డిసెంబర్ 31 రాత్రి మద్యం దుకాణాలను, బార్లను మరికాసేపు తెరిచి ఉంచుకోవచ్చని ప్రభుత్వమే ఉత్తర్వులిస్తుంది. సంక్రాంతికి కోడిపందేల బరులు, కనుమ రోజు మాంసం, దాని పక్కన గ్లాసు. ఇవి చాలనట్టు కాలేజీ వాళ్లకు ఫ్రెషర్స్, ఫేర్‌వెల్, ఉద్యోగం వస్తే ట్రీటు, రాకపోతే ఓదార్పు.

ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ మద్యం కొనడానికి 21 ఏళ్లు నిండాలి. ఆ లెక్కన బీటెక్‌లో చివరి ఏడాది వచ్చేదాకా చాలామందికి ఆ హక్కే లేదు. కౌంటర్ దగ్గర ఆధార్ కార్డు అడిగిన దుకాణాన్ని నేనింతవరకూ చూడలేదు. ఖజానాకు ఆదాయం వచ్చే చోట వయసు ఎవరు అడుగుతారు?

మానేయాలనుకున్న కుర్రాణ్ని అన్నిటికంటే కుంగదీసే మాట ‘అందరూ తాగుతారు’. ఇది అబద్ధం. మద్యం వాడకంలో పై వరుసలో నిలిచిన తెలంగాణలోనే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పదిహేనేళ్లు దాటిన మగవారిలో తాగేవారు సుమారు 43 శాతం. అంటే సగానికి పైగా తాగరు. 2019లో ఎయిమ్స్ వెలువరించిన దేశవ్యాప్త నివేదికలో పది నుంచి డెబ్బై అయిదేళ్ల వారిలో మద్యం వాడేవారు 14.6 శాతమే. తాగనివాళ్లే ఎక్కువమంది. కానీ వాళ్లు చప్పుడు చేయరు. రాత్రి పదింటికి దుప్పటి కప్పుకుంటారు. హాస్టల్లో చప్పుడంతా మిగతావారిదే కాబట్టి, తాగనివాడు తానొక్కడే మిగిలిపోయానని భ్రమపడతాడు.

ఇంటికి వెళితే తేలికేమీ కాదు. నాకు తెలిసిన ఒక కుర్రాడు, ఊరు, కాలేజీ ఇక్కడ అవసరం లేదు, రెండో సంవత్సరంలో చికిత్స తీసుకుని మానేశాడు. ఇంట్లో అమ్మానాన్నలకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ ఏడాది కనుమ నాడు మేడ మీద బాబాయి గ్లాసు చాపాడు: “ఏరా, పండగ పూట ఒక్క పెగ్గుకే ఏమవుతుందిరా? నీ వయసులో మేం తాగలేదా?” అతను “వద్దు బాబాయ్, యాంటీబయాటిక్స్ వాడుతున్నాను” అన్నాడు. ఆ అబద్ధం ఒక పండగకు సరిపోతుంది. ఉగాదికి ఇంకొకటి వెతకాలి. కామెర్లు, గ్యాస్, దంతాల నొప్పి ఇలా రోగాల జాబితా అయిపోయాక నిజం చెప్పాలి. అప్పుడు మేడ మీదివాళ్లకు అతను ‘తాగుబోతు’ అవుతాడు. తాగుతున్నన్నాళ్లూ ఆ మాట అతనికి వర్తించలేదు. మానేశాకే వర్తించింది!

కాలేజీలు ఈ విషయంలో చేసేది తక్కువ. గంజాయి మీద రెండు రాష్ట్రాల్లోనూ ‘ఈగల్’ పేరుతో పోలీసు విభాగాలున్నాయి, క్యాంపస్‌లలో కమిటీలు వేశారు, ప్రతిజ్ఞలు చేయిస్తున్నారు. కావలసిందే. కానీ ఆ ప్రతిజ్ఞ ఇంకా మొదలుపెట్టని వాడికోసం, ఆ పోలీసు మానలేని వాడికోసం. మానేసి నిలబడాలనుకునే వాడికోసం ఏదీ లేదు. నెలరోజులు చికిత్సకు వెళితే హాజరు 75 శాతం నుంచి జారుతుంది. వైద్య కారణాల మీద కొంత మినహాయింపు ఉన్నా, సర్టిఫికెట్‌లో అసలు జబ్బు పేరు రాయించే తల్లిదండ్రులు ఎందరుంటారు? 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా తన పరిధిలోకి తెచ్చింది, శరీర రోగులతో సమానంగా చూడమంది, గోప్యత హక్కన్నది. ఆ చట్టం వార్డెన్ గదిదాకా రాలేదు. కుర్రాడు కౌన్సెలర్ దగ్గర నోరు విప్పితే సాయంత్రానికి నాన్నకు ఫోను వెళుతుందన్న భయం అలాగే ఉంది.

ఆడపిల్లల సంగతి ఎత్తడానికే మనకు మొహమాటం. అయ్యప్ప మాల ఆ వయసులో వారికి ఎలాగూ లేదు. తాగినట్టు తెలిస్తే పరువు, మానేయడానికి సాయం అడిగితే ఇంకా పరువు. అందుకే ఆమె అడగదు.

అమెరికా విశ్వవిద్యాలయాలు ఈ ఖాళీని కొంత ముందుగా గుర్తించాయి. మానేసిన విద్యార్థులకు తోడ్పాటు బ్రౌన్‌లో 1977లో మొదలైంది. న్యూజెర్సీలోని రట్గర్స్ 1988లో వారికోసం విడిగా వసతి ఇచ్చింది. మినియాపాలిస్‌లోని ఆగ్స్‌బర్గ్‌లో 1997 నుంచి ఇలాంటి ఏర్పాటు ఉంది. ఆల్కహాలిక్స్ అనానిమస్‌లో నడివయసు వారి మధ్య తమకు ఊపిరాడదనుకున్న యువ సభ్యులు 1958 నుంచే తమ సమావేశాలు తాము పెట్టుకుంటున్నారు. క్రిస్మస్, కొత్త సంవత్సరం రోజుల్లో చాలా ఊళ్లలో గంట గంటకూ ఒక సమావేశం చొప్పున రేయింబవళ్లు తలుపులు తెరిచి ఉంచుతారు. మన దేశానికి ఆల్కహాలిక్స్ అనానిమస్ 1957లోనే వచ్చింది. కానీ ఇరవై ఏళ్ల కుర్రాడు ఆ గదిలోకి వెళితే చుట్టూ నాన్న వయసు వాళ్లు ఉద్యోగం పోయిన కథ, కాలేయం చెడిన కథ చెబుతుంటారు. ‘నేనింకా అంతదాకా రాలేదు కదా’ అనుకుని వెనక్కి తిరుగుతాడు. అంతదాకా రాకముందే వచ్చినవాణ్ని కూర్చోబెట్టుకునే చోటు వేరే ఉండాలి.

రట్గర్స్‌లాంటి భవనాలు మన కాలేజీలు కట్టవు, కట్టమని అడగడం కూడా అత్యాశే. హాస్టల్లో ఒక అంతస్తు చివర నాలుగు గదులు ఇవ్వగలరు. డిసెంబర్ 31 రాత్రి మెస్ తెరిచి, ఒక క్యారమ్ బోర్డు, బిర్యానీ పెట్టగలరు. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు, మత్తు విముక్తి సహాయ కేంద్రం 14446కు ఫోను చేయమని గోడ మీద రాయగలరు. ఆ నంబర్లు పనికొచ్చేవే. కానీ పండగ రాత్రి పదకొండింటికి మేడ మీద గ్లాసుల చప్పుడు వినిపిస్తున్నప్పుడు ఫోనులో గొంతుకంటే పక్కన కూర్చున్న మనిషి ఎక్కువ పనికొస్తాడు.

బాబాయికి యాంటీబయాటిక్స్ అబద్ధం చెప్పిన ఆ కుర్రాడు మొన్న డిసెంబర్ 31 రాత్రి ఎక్కడున్నాడో తర్వాత చెప్పాడు. కాలేజీ వెనక వీధిలో ఎవరింటనో పడిపూజ జరుగుతుంటే జీన్స్ ప్యాంటుతోనే వెళ్లి చివర కూర్చున్నాడట. మాల ఏదని ఎవరూ అడగలేదు. భజన అయ్యాక పులిహోర పెట్టారు. ఒంటిగంటకు గదికి వచ్చేసరికి రూమ్మేట్లు పడిపోయి ఉన్నారు. ఆ స్వాములు మకరజ్యోతికి శబరిమల వెళ్లిపోయారు, వీధిలో పందిరి విప్పేశారు. కనుమకు ఊరు వెళ్లకుండా హాస్టల్లోనే ఉండిపోదామని వార్డెన్‌ను అడిగాడు. పండగ సెలవులకు మెస్ మూసేస్తున్నాం, అందరూ ఇళ్లకు వెళ్లాల్సిందేనన్నారు.