ప్రయోగం లేని సైన్స్ శిక్షణ ఎవరి కోసం?

ఏప్రిల్ చివర్లో బడులకు తాళాలు పడగానే టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో శిక్షణ షెడ్యూళ్లు తిరగడం మొదలవుతుంది. ఏ రోజు ఏ సబ్జెక్టు, ఏ హైస్కూల్లో, పొద్దున ఎన్నింటికి హాజరు, సాయంత్రం ఎన్నింటికి హాజరు, ఫొటోలు ఎక్కడ అప్‌లోడ్ చేయాలి... అన్నీ పక్కాగా ఉంటాయి. సైన్స్ టీచర్ల షెడ్యూల్లో కనపడనిది మాత్రం ప్రయోగం. ఏటా ఇదే వరస. మన విద్యాశాఖలకు ఇందులో తప్పేమీ కనిపించకపోవడమే ఆందోళన కలిగిస్తోంది.

రెండు తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వాలు మారాయి, పాఠ్యపుస్తకాలు మారాయి, మీడియం మారింది. ఉద్యోగంలో ఉన్న టీచర్లకు ఇచ్చే వృత్యంతర శిక్షణ తీరు మాత్రం మారలేదు. ముందు రాష్ట్ర స్థాయిలో శిక్షకులుగా ఎంచుకున్న స్టేట్ రిసోర్స్ పర్సన్లకు చెబుతారు. వాళ్లు జిల్లా వాళ్లకు, జిల్లా వాళ్లు మండలాల వాళ్లకు చెబుతారు. చిట్టచివర టీచరు దగ్గరికి వచ్చేసరికి మిగిలేది పవర్‌పాయింట్ ఫైలు. మాటలైతే ఇలా అంచెలంచెలుగా దిగుతాయేమో కానీ చేతిపని దిగదు. పైన శిక్షణ పొందినవాళ్లు పరికరం పట్టుకుని ఉంటే ఉండవచ్చు. కింద కూర్చున్న టీచరుకు అందేది ఆ పరికరం బొమ్మే.

ఆ స్లయిడ్ల మీద రాసి ఉండేదేమిటో చూడండి. కృత్యాధార బోధన చేయాలట. పిల్లలు చేస్తూ నేర్చుకోవాలట. ఉపన్యాస పద్ధతి మానేయాలట. ఈ మాటలన్నీ ఉపన్యాసంగానే చెబుతారు. మే ఎండల్లో, పిల్లల కోసం చేయించిన ఇరుకు బెంచీల మీద, కరెంటు ఉంటే తిరిగే ఫ్యాన్ల కింద టీచర్లు సాయంత్రం దాకా కూర్చుని వింటారు. తరగతిలో ఏది చేయవద్దని చెబుతున్నారో శిక్షణలో అదే చేస్తున్నారు. తాము చేయించని పనిని బడిలో చేయించాలని టీచర్లను అడిగే హక్కు విద్యాశాఖకు ఎక్కడి నుంచి వచ్చింది?

తీగలో వోల్టేజీ పెరిగినకొద్దీ కరెంటు కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుందన్న ఓమ్ నియమాన్నే తీసుకుందాం. బోర్డు మీద చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. బల్ల మీద చేయబోతే అసలు కథ మొదలవుతుంది. అమ్మీటర్‌ను శ్రేణిలో, వోల్ట్‌మీటర్‌ను సమాంతరంగా కలపాలి. టెర్మినల్ దగ్గర స్క్రూ వదులుగా ఉంటే ముల్లు వణుకుతుంది. సెల్ పాతదైతే రీడింగు నిలవదు. తీగ బదులు టార్చి బల్బు పెట్టారనుకోండి, ఫిలమెంటు వేడెక్కుతున్నకొద్దీ నిరోధం పెరిగి గ్రాఫు వంగిపోతుంది. "పుస్తకంలో గీత తిన్నగా ఉంది, మనకు వంకరగా వచ్చిందేంటి సార్?" అని ఎవరో ఒక పిల్ల అడిగి తీరుతుంది. సైన్స్ మొదలయ్యేది ఆ ప్రశ్నతోనే. వేసవి శిక్షణలో తన గ్రాఫు కూడా అలాగే వంగితే, పక్కన కూర్చున్నవాళ్లతో వాదించి కారణం తేల్చుకున్న టీచరుకు ఆ ప్రశ్న పండగ. స్లయిడ్ మాత్రమే చూసి వచ్చిన టీచరుకు టెన్షన్. బోర్డు మీద తిన్నటి గీత ఒకటి గీసి, "పరీక్షలో ఇలా వేయండి" అని ముందుకు వెళ్లిపోతారు. ఆ టీచరును తప్పుపట్టి లాభం లేదు.

జీవశాస్త్రంలోనూ ఇంతే. ఆకులో పిండిపదార్థం ఉందో లేదో చూడాలంటే ముందు ఆకును స్పిరిట్‌లో ఉడికించి ఆకుపచ్చ రంగు పోగొట్టాలి, ఆ తర్వాతే అయోడిన్ వేయాలి. స్పిరిట్‌ను నేరుగా మంట మీద పెడితే అంటుకుంటుంది. అందుకే వేడినీళ్ల గిన్నెలో పరీక్షనాళికను నిలబెట్టి వేడిచేస్తారు. ఈ జాగ్రత్త చదివితే వచ్చేది కాదు, ఒకసారి చేతులతో చేస్తేనే ధైర్యం వస్తుంది. నలభై మంది పిల్లల మధ్య మొదటిసారి స్పిరిట్ దీపం వెలిగించమంటే ఏ టీచరైనా వెనకాడతారు.

టీచర్లు వేల సంఖ్యలో ఉన్నారు, సమయం తక్కువ, నిధులు తక్కువ, అందుకే ఈ అంచెల పద్ధతి తప్పదని అధికారులు అంటారు. వేసవిలో శిక్షణ అంటే టీచర్లే ముఖం తిప్పుకుంటారన్న మాటా ఉంది. ఇందులో కొంత నిజం ఉండవచ్చు. కానీ ప్రొజెక్టర్లకు, భోజనాలకు, ముద్రించిన మాడ్యూళ్లకు దొరికే డబ్బు నాలుగు అమ్మీటర్లకు ఎందుకు దొరకదు? సెలవుల్లో పనిచేయించుకుని, దానికి రావాల్సిన ఆర్జిత సెలవుల కోసం ఏటా సంఘాల చేత వినతిపత్రాలు ఇప్పించుకుంటుంటే టీచరుకు శిక్షణ మీద గౌరవం ఎలా కలుగుతుంది?

జాతీయ విద్యా విధానం 2020 ప్రతి టీచరూ ఏటా కనీసం 50 గంటల వృత్తిపర శిక్షణ పొందాలని చెప్పింది. మంచి మాటే. అయితే అమలులోకి వచ్చేసరికి గంటలు మిగిలాయి, వృత్తి పోయింది. ఆన్‌లైన్ శిక్షణకు వాడే ప్రభుత్వ దీక్షా యాప్‌లో వీడియో ఆడుతూ ఉంటుంది, ఫోన్ ఓ పక్కన ఉంటుంది, చివర్లో ప్రశ్నలకు టిక్కులు పెడితే సర్టిఫికెట్ వస్తుంది. గంటలు జమ అవుతాయి. రేపు ఎవరైనా అడిగితే ఇంత మందికి ఇన్ని గంటలు శిక్షణ ఇచ్చామని శాఖ లెక్క చూపిస్తుంది. ఆ గంటల్లో ఎన్ని ప్రయోగాలు జరిగాయన్న గడి ఆ పట్టికలో లేదు.

ఇలా కాకుండా చేయడం మన దేశంలో సాధ్యం కాదా అంటే, చేసి చూపించినవాళ్లు ఉన్నారు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 మాధ్యమిక పాఠశాలలతో ఒక సైన్స్ బోధన కార్యక్రమం మొదలైంది. కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే స్వచ్ఛంద సంస్థలు దాన్ని ప్రారంభించాయి. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ తర్వాత ముందుకు నడిపింది. అక్కడ టీచర్లు వేసవిలో వారాల తరబడి శిక్షణలో ఉండేవారు. పిల్లల వర్క్‌బుక్‌లోని ప్రయోగాలను ముందు టీచర్లే పిల్లల్లాగా గుంపులుగా కూర్చుని చేసేవారు. ముంబైలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ (టీఐఎఫ్‌ఆర్) నుంచి, ఢిల్లీ విశ్వవిద్యాలయం నుంచి శాస్త్రవేత్తలు వచ్చి వాళ్లతో పాటు నేల మీద కూర్చున్నారు. బడి తెరిచాక నెలకోసారి టీచర్లు కలిసి ఏ ప్రయోగం కుదరలేదో, పిల్లలు ఏం అడిగారో చెప్పుకునేవారు. బడికి కిట్ వచ్చేది. పరీక్షకు పుస్తకం తెచ్చుకోవచ్చు, ప్రయోగ పరీక్ష కూడా ఉండేది. వేసవి శిక్షణ, కిట్, నెలవారీ సమావేశం, పరీక్ష... ఈ నాలుగూ ఒకదానికొకటి ఆసరా. మనవాళ్లు శిక్షణ అనే పేరును మాత్రం ఉంచి తక్కిన మూడింటినీ వదిలేశారు. 2002లో ఆ కార్యక్రమాన్ని అక్కడి ప్రభుత్వమే ఆపేసింది. మూడు దశాబ్దాల పనిని ఒక ఉత్తర్వుతో మూసేయడం అప్పట్లో ఎంత తప్పో, ఆ అనుభవం అసలు లేనట్టే మన రాష్ట్రాలు ప్రవర్తించడం ఇప్పుడు అంత తప్పు.

అంత దూరం వెళ్లకపోయినా, కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ క్యాంపస్ ఉంది. చవక వస్తువులతో ప్రయోగాలు చేయించడమే వాళ్ల పని. దక్షిణాది రాష్ట్రాల టీచర్ల శిక్షణ కోసమే మైసూరులో ఎన్‌సీఈఆర్‌టీ ప్రాంతీయ విద్యా సంస్థ ఉంది. దారి తెలియకపోవడం సమస్య కాదు.

ఫలితం కళ్లముందే ఉంది. పిల్లలు ఎంత నేర్చుకున్నారో కొలిచేందుకు 2024 డిసెంబరులో జరిగిన పరఖ్ జాతీయ సర్వేలో 9వ తరగతి విద్యార్థుల సగటు సైన్స్‌లో 40 శాతం. మన రెండు రాష్ట్రాల్లో ఇంటర్‌కు ప్రాక్టికల్స్ ఉన్నాయి. పదో తరగతి పబ్లిక్ పరీక్షల్లో సైన్స్‌కు ప్రయోగ పరీక్షే లేదు. చేయకపోయినా మార్కులు వస్తాయని పరీక్ష చెబుతోంది, చేయకపోయినా సర్టిఫికెట్ వస్తుందని శిక్షణ చెబుతోంది. ఇక బడిలో ప్రయోగం ఎందుకు జరుగుతుంది?

మరోవైపు కేంద్రం 2016 నుంచి ఒక్కో బడికి 20 లక్షల రూపాయలతో అటల్ టింకరింగ్ ల్యాబులు పెడుతోంది. ప్రభుత్వ బడుల్లో మరో 50 వేల ల్యాబులు పెడతామని 2025 బడ్జెట్‌లో ప్రకటించింది. త్రీడీ ప్రింటర్లు, రోబో కిట్లు, సెన్సర్లు వస్తాయి. మేం వాటికి వ్యతిరేకం కాదు. కానీ వాటిని విప్పి, పాడుచేసి, బాగుచేసి నేర్చుకునే అవకాశం టీచరుకు ఇవ్వకపోతే అవి కూడా పాత రసాయనాల సీసాల పక్కనే బీరువాలో చేరతాయి. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) అని బోర్డు రాసినంత మాత్రాన ఆ గది తాళం తెరుచుకోదు.

చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. శిక్షణకు ముందే కిట్లు కేంద్రానికి చేరాలి. గదికి పాతిక మందికి మించకూడదు. ఆ ఏడాది పాఠాల్లోని ప్రయోగాలను ప్రతి టీచరూ స్వయంగా చేసి, రీడింగులు రాసి, కుదరని వాటి గురించి చర్చించాలి. అదే కిట్ టీచరుతో పాటు బడికి వెళ్లాలి. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో రిజిస్టర్ల తనిఖీ తగ్గించి, ఆ నెల చేసిన ప్రయోగాల గురించి మాట్లాడాలి. పదో తరగతిలో పది మార్కులకైనా ప్రయోగ పరీక్ష పెట్టాలి. వేసవిలో పనిచేసిన రోజులకు ఆర్జిత సెలవులు అడిగించుకోకుండా జమచేయాలి. హాజరు ఫొటోలతో పాటు, ఒక్కో టీచరు ఎన్ని ప్రయోగాలు చేశారో కూడా బయటపెట్టాలి.

ఇవేమీ చేయకుండా వచ్చే వేసవికి కూడా అవే స్లయిడ్లు పంపేట్టయితే ఆ శిక్షణ పెట్టకపోవడమే మేలు. చేస్తూ నేర్చుకోవాలని టీచర్లకు చెప్పే అధికారులు ముందుగా వాళ్ల ముందు నిలబడి ఒక సెల్, ఒక బల్బు, ఒక అమ్మీటర్ కలిపి చూపించాలి. ఆ మాత్రం ఓపిక లేనివాళ్లు టీచర్లను మే నెల ఎండల్లోకి పిలవడం మానుకోవాలి.