మామిడి పూత మందులు: మొన్నటి పోస్టుకు సవరణ

మామిడి పూత మీద తేనెమంచు పురుగుకు లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, బూడిద తెగులుకు 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం అని మొన్న రాసింది చదివి కొందరు రెండూ ఒకే బకెట్లో కలిపేస్తున్నారట, దయచేసి అలా చేయకండి. నూనె, గంధకం కలిస్తే ఆకులు అంచుల నుంచి మాడతాయి. ఒకటి కొట్టాక రెండోదానికి కనీసం రెండు వారాలు ఆగాలి. మన తిరుపతి ఎండలు తెలిసిందే కదా, 32 డిగ్రీలు దాటే రోజుల్లో గంధకం జోలికే పోవద్దు.

వేపనూనెను ముందు కాస్త సబ్బునీళ్లలో పాలలా తెల్లబడేదాకా గిలకొట్టి, అప్పుడు నీళ్లలో పోయండి, లేదంటే నూనె పైకి తేలిపోయి ఆఖర్న ఒక్క కొమ్మ మీదే పడుతుంది. పువ్వులు విచ్చుకున్నాక మాత్రం ఏదీ కొట్టకపోవడమే మేలు, తేనెటీగలు తిరిగే సమయం అది.