మావయ్యగారి ట్యాంకూ, కూర్చుని తినే రెగ్యులేటరూ

ఇచ్ఛాపురంలో మా మావయ్యగారి మేడ మీద ట్యాంకు నిండితే కుయ్యిమనే అలారం ఒకటి చేసిచ్చాను. అక్కడ ప్లగ్గు లేదు కాబట్టి నాలుగు పెన్సిల్ సెల్స్ పెట్టి, రెండేళ్లు దాని మొహం చూడక్కర్లేదని గొప్పగా చెప్పాను. నెల తిరక్కుండానే చచ్చింది.

దీని వెనక బరంపురం కొట్టాయన ఉన్నాడు. నేనడిగింది హెచ్‌టీ7333, అంటే సెల్స్ ఇచ్చే వోల్టేజీని సర్క్యూట్‌కి కావలసిన 3.3 వోల్టులకి దించే రెగ్యులేటర్ చిప్పు. అది తన ఖర్చుకి 4 మైక్రో ఆంపియర్లు చాలంటుంది, 12 వోల్టుల దాకా తట్టుకుంటుంది. ఆయనేమో ఏఎంఎస్1117 బోర్డు చేతిలో పెట్టి, "రెండూ 3.3 వోల్టులే కదా బాబూ, అంతా ఒకటే" అన్నాడు. ఒకటే ఏంటి నా తలకాయ! 1117 ఊరికే ఉన్నా 5 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది, అంటే వెయ్యి రెట్ల పైమాటే. దానికి తోడు ఆ బోర్డు మీద పగలూ రాత్రీ వెలిగే ఎర్ర ఎల్ఈడీ ఒకటి. మేడ మీద ఎవరు చూడాలని?

సరే, మొన్న భోజనాల దగ్గర మావయ్య అడిగారు, "ఏటల్లుడూ, నీ మిషను పడుకుందేటి?"

"మిషన్ తప్పు లేదు మావయ్యా. దాని ముందున్నది ఉంది చూశారూ, అదీ అసలు దొంగ. ఏ పనీ చెయ్యదు, కూర్చుని మూడు పూటలా తింటుంది."

ఎదురుగా మా బావమరిది రెండోసారి పప్పు వడ్డించుకుంటున్నాడు. బీటెక్ మధ్యలో వదిలేసి కొన్నేళ్లుగా గ్రూప్-2కి చదువుతున్నాడు. గరిటె గాల్లో ఆగింది. నేను చూస్తేగా! సర్క్యూట్ గురించి మాట్లాడేటప్పుడు నాకు మనుషులు కనబడరు.

"ఎంత తింటోందో మీటర్ పెట్టి కొలిచాను. రోజుకి 120 మిల్లీ ఆంపియర్ అవర్లు. ఈ లెక్కన 2,400 ఉన్న సెల్స్ 20 రోజుల్లో ఖాళీ. పైగా డ్రాపవుట్, అంటే తన వాటా కింద కనీసం నొక్కేసే వోల్టేజీ, కూడా ఎక్కువే."

మా ఆవిడ మోకాలితో పొడిచింది. ఇంకాస్త వివరంగా చెప్పమంటోంది కాబోలు అనుకున్నాను.

"ఇలాంటిదాన్ని ఇంట్లో ఉంచుకోకూడదు మావయ్యా. పీకేసి బయట పారేయడమే."

అత్తయ్య కూరగిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయారు. కూర నాకింకా వెయ్యలేదు. మావయ్య గొంతు సవరించుకుని, "ఉద్యోగాలేటి, కొబ్బరిచెట్లకి కాస్తన్నాయా బాబూ?" అన్నారు.

"రెగ్యులేటర్‌కి ఉద్యోగమేంటి మావయ్యా?" అన్నాను.

ఆ తర్వాత పెరుగు దాకా ఎవరూ మాట్లాడలేదు.

హెచ్‌టీ7333 ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాను, పార్టు కన్నా కొరియర్ ఖర్చే ఎక్కువ. అది ఇంకా విశాఖలోనే ఉన్నట్టు చూపిస్తోంది. ఈలోగా బావమరిది రోజూ తెల్లారకుండానే మేడెక్కి, ట్యాంకులోకి టార్చ్ వేసి, నాకు వాట్సాప్‌లో ఫోటో పంపుతున్నాడు. కింద ఒకటే మాట: "ముప్పావు ఉంది బావా. ఇంకా టిఫిన్ తినలేదు."